నీవాయసం

గ్రీమ్స్‌పేటలో గ్రైండర్లు బాగుచేసే నా కొట్టు మీద
ఒక రేకుల గది.
ఆదివారం రెండయితే
లోకాన్ని కాపాడే పని అక్కడ మొదలవుతుంది.
మామిడికాయల అట్టపెట్టె విప్పి పరిస్తే నగరం.
బోల్టులు జనం. అరిగిన కార్బన్ బ్రష్షులు పోలీసులు.
గుజ్జు ఫ్యాక్టరీ డబ్బాలో గలగలమంటూ
ఇరవై ముఖాల పాచిక ఒక్కటే ఒకటి.
ఆటపెద్దను నేను,
కాలిన మోటారు వాసనతోనే తీర్పులు చెబుతాను.

ఈ వారం నౌషీన్ కొత్త లోహం తెచ్చింది.
నీవా ఏటి ఇసుక కింద దొరికిందంట,
పేరు నీవాయసం.
తన వీరనారికి తల నుంచి మడమ దాకా అదే కవచం.
కాగితం మీద ‘గట్టిదనం’ గడిలో
అంకె లేదు,
పడుకోబెట్టిన ఎనిమిది ఉంది.

మునిశేఖర్‌కి మండింది.
వారమంతా నల్లరాయి కోసే మనిషి,
గోళ్ళ సందుల్లో రాతిపాలు ఇంకా ఆరలేదు.
“పగలందే ఉంటే నా గొడ్డలెందుకప్పా?
ఇంటికి పోయి పండుకుంటా.
కొండంత బండ ఉంటాది. వేలంత తీగ,
దానికి వజ్రాల పూసలు, పైన నీళ్ళు.
పొద్దుగూకేసరికి రెండు చెక్కలు.
గట్టిది ఓడేది ఇంకా గట్టిదానికి కాదు మేడమ్,
నీళ్ళు పోస్తా కూచునే ఓపికకి.”

ఏలుమలై సారు పాలిటెక్నిక్ ల్యాబులో
ముప్పై ఏళ్ళు ఇనుపకడ్డీలు లాగి తెంచినాయన.
కళ్ళజోడు తుడుచుకుంటా అన్నాడు:
“అద్దం గట్టిదే, గీత పడదు. జారితే వెయ్యి ముక్కలు.
గట్టిదనం వేరు, మొండితనం వేరు.
నువ్వు నింపింది ఏ గడి తల్లీ?”

నాకు పాత లెక్కలు గుర్తొచ్చాయి.
మొదటి ఏడు ఒక కత్తికి నూరు రాసిచ్చాను.
మూడు ఆదివారాలు ఎవరికీ భయం వెయ్యలేదు,
నాలుగో ఆదివారం ఎవరూ రాలేదు.
ఇరవై బోండాలు ఒక్కణ్ణే తిన్నాను.
బుద్ధొచ్చి, మరుసటి డాలుకి ఏడు రాస్తే
ఆటో గుద్దుడికే చీలింది.
దిల్లీబాబు, పదకొండేళ్ళవాడు,
ఆ రెండు అట్టముక్కలూ జేబులో పెట్టుకుని
మాట్లాడకుండా మెట్లు దిగాడు.

“ఎందుకమ్మా అంత?” అనడిగాను.
నౌషీన్ బోల్టు ఒకటి తిప్పుతూ ఉంది.
“ఆసుపత్రిలో తొమ్మిదిన్నరకి దిగుతాను.
బస్టాండు దాకా నడక.
తాళంచెవి వేళ్ళ మధ్య పట్టుకుని
వెనకొచ్చే చెప్పుల చప్పుడు లెక్కపెడతాను.
ఆదివారం మూడు గంటలన్నా
లెక్కపెట్టకుండా ఉందామని.”

ఎండకు రేకు టిక్కుమంది.
మునిశేఖర్ పడిపోయిన ఒక బోల్టును
నిలబెట్టాడు.

నేను రోళ్ళ మనిషిని.
కక్కు కొట్టని రాయి పిండి రుబ్బదు,
నున్నగా తిరుగుతుంది, అంతే.
ఆ మాట ఆ పిల్లకి చెప్పబుద్ధి కాలేదు.
“నీవాయసం పగలదు,” అన్నాను.
“కానీ మోగుతుంది.
తగిలిన దెబ్బ పోదు, లోపల తిరుగుతానే ఉంటుంది.
పది దెబ్బలకి ఒక అడుగు తూలుతావు.”
“పదకొండు,” అంది.
“సరే, పదకొండు.”
“తూలాక లేస్తానా లేదా, పాచిక నేనే వేస్తాను.”
“వెయ్యి.”

వేసింది గట్టిగా.
పాచిక నగరం దాటి, పోలీసుల్ని దాటి,
వైర్ల కోసం కొట్టిన కంతలోంచి కిందికి,
పరీక్షకని తిరగనిచ్చి వచ్చిన గ్రైండర్లోకి.
కరకరకర.

అందరికంటే ముందు దిగింది నౌషీనే.
మునిశేఖర్ చెయ్యి పెట్టబోతే
“ఉండన్నా!” అని అరిచి స్విచ్చి ఆపింది.
రాయి ఆగేదాకా అతని మణికట్టు వదల్లేదు.

పాచిక బతికింది.
ఒక్క ముఖం మాత్రం అరిగి నున్నగా అయింది.
అక్కడ ఇరవై ఉండేది.
“ఇది పైకి పడితే ఎంత సార్?” అనడిగింది.
ఏలుమలై సారు కళ్ళజోడు మళ్ళీ తీశాడు.
నేను బోండాలకి పోయాను.